పరగడుపు పరీక్షకు రేపటిదాకా ఆగొద్దు: చిన్నపిల్లల్లో షుగర్ లక్షణాలు

మూడేళ్ల పాప పది రోజులుగా నీళ్లు విపరీతంగా తాగుతోందని, ఏడాది క్రితమే పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ రాత్రిళ్లు తడుపుతోందని, బట్టలు కాస్త వదులైనట్టు అనిపిస్తోందని రాశారు. ఇంట్లో పెద్దవాళ్లు ఎండలకేలే అంటున్నారనీ, డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ఇంకో వారం ఉందనీ, అప్పటిదాకా ఆగొచ్చా అనీ అడిగారు.

ఆగకండి. ఈ మూడూ కలిసి కనిపించిన పిల్లకి షుగర్ పరీక్ష ఇవాళే జరగాలి. పొద్దున తిన్నదా, ఇప్పుడే పాలు తాగిందా అన్న లెక్కలు అక్కర్లేదు. వేలి చివర ఒక చుక్క రక్తం తీసి గ్లూకోమీటర్‌లో పెడితే నిమిషంలోపు తెలుస్తుంది. షుగర్ లేకపోతే పాపకి తగిలింది ఒక సూది పోటు, అంతే. ఉండి కూడా వారం ఆగితే, ఆ వారంలోనే పరిస్థితి ఐసీయూ దాకా వెళ్లవచ్చు.

ఇంత తొందర ఎందుకంటే, పెద్దవాళ్లలో మనం చూసే షుగర్ వేరు, ఈ వయసు పిల్లలకి వచ్చేది వేరు. పెద్దవాళ్లకి సాధారణంగా వచ్చేది టైప్ 2. ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది గానీ సరిగా పనిచేయదు, ఏళ్ల తరబడి తెలియకుండానే ఉండిపోతుంది. చిన్నపిల్లల్లో దాదాపు ఎప్పుడూ టైప్ 1. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. ఆ విధ్వంసం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి లోలోపల జరిగి, మిగిలిన కణాలు ఒంటి అవసరానికి చాలని రోజున ఒక్కసారిగా బయటపడుతుంది. అక్కణ్నుంచి ఈ వయసు పిల్లల్లో వ్యవధి వారాల్లోనే, ఒక్కోసారి రోజుల్లోనే ఉంటుంది. వయసు తగ్గేకొద్దీ ఈ వేగం పెరుగుతుంది. పైగా రెండేళ్ల పిల్ల 'నాకు నీరసంగా ఉంది' అని చెప్పలేదు.

మూత్రం సంగతి బాగా అర్థం చేసుకుంటే మిగతా లక్షణాలు వాటంతట అవే అర్థమవుతాయి. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేవు, మూత్రంలోకి వదిలేస్తాయి. ఆ చక్కెర తనతోపాటు నీటిని లాక్కుపోతుంది. అలా ఒంట్లో నీరు పోతుంది కాబట్టి దాహం వేస్తుంది. అంటే ముందు మూత్రం, తర్వాత దాహం. చాలా ఇళ్లలో దీన్ని తిరగేసి, 'నీళ్లు ఎక్కువ తాగుతోంది, అందుకే పక్క తడుపుతోంది' అనుకుని సాయంత్రం నుంచి నీళ్లు ఆపేస్తారు. షుగర్ ఉన్న పిల్లకి అది చాలా ప్రమాదం. నీళ్లు ఆపినా మూత్రం ఆగదు, ఒళ్లు ఎండిపోతుంది. కారణం తేలేదాకా దాహం అన్న పిల్లకి నీళ్లు ఇవ్వాల్సిందే.

మామూలుగా నీళ్లు ఎక్కువ తాగే అలవాటున్న పిల్లలూ ఉంటారు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే రాత్రిపూట. అలవాటుగా తాగే పిల్ల నిద్రలో పడితే తెల్లారేదాకా లేవదు. షుగర్ ఉన్న పిల్ల నిద్రలోంచి లేచి మరీ నీళ్లడుగుతుంది, గ్లాసు ఖాళీ చేసి మళ్లీ అడుగుతుంది, కాసేపటికి మూత్రానికి లేస్తుంది లేదా పక్క తడుపుతుంది. రుచి కోసం తాగే పిల్ల జ్యూసే కావాలంటుంది, దాహంతో ఉన్న పిల్ల ఏ నీళ్లైనా తాగేస్తుంది, స్నానం బకెట్లో నీళ్లతో సహా. ఇక పక్క తడపడం విషయానికొస్తే, అసలు ఎప్పుడూ మానని పిల్ల తడపడం వేరు. కనీసం ఆరు నెలలు పొడిగా ఉన్న పిల్ల మళ్లీ మొదలుపెట్టడం వేరు. రెండోదానికి ఎప్పుడూ కారణం వెతకాలి. కొత్త తమ్ముడు పుట్టాడనో, బడిలో చేర్చామనో మనసు మీదికి నెట్టేసే ముందు ఒక్కసారి షుగర్ చూడాలి.

లెక్క కావాలనుకునేవాళ్లకి ఒక కొలత చెప్తాను. పది కిలోల పిల్లకి పాలతో సహా రోజుకి సుమారు ఒక లీటరు ద్రవం సరిపోతుంది. ఆపైన ఇరవై కిలోల దాకా ప్రతి కిలోకి ఇంకో 50 మిల్లీలీటర్లు కలపాలి. అంటే పదిహేను కిలోల పాపకి రోజుకి లీటరుంపావు. ఎండలో ఆడినా, జ్వరం ఉన్నా ఇది పెరుగుతుంది. కానీ రెండు, రెండున్నర లీటర్లు తాగుతూ ఇంకా దాహమంటే అది వాతావరణం వల్ల అనుకోవడానికి లేదు. డైపర్ వేసుకునే పిల్లలకి పొడి డైపర్ ఒకటి, తడిసినది ఒకటి వంటింటి తూకంలో పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక గ్రాము అంటే ఇంచుమించు ఒక మిల్లీలీటరు మూత్రం. గంటకి కిలో బరువుకి నాలుగు మిల్లీలీటర్లు దాటితే చాలా ఎక్కువ కిందే లెక్క. అంటే పది కిలోల పిల్లకి ఆరు గంటల్లో పావు లీటరు. ఈ కొలతలన్నీ అనుమానం మొదలయ్యే దశలో పనికొస్తాయి. మీ పాపలాగా మూడు లక్షణాలు అప్పుడే కనిపిస్తుంటే కొలుస్తూ కూర్చోవద్దు.

బరువు గురించి. రెండేళ్ల నుంచి అయిదేళ్ల మధ్య పిల్లలు ఏడాదికి సుమారు రెండు కిలోలు పెరుగుతారు. ఈ వయసులో బరువు పెరగకపోవడమే ఆలోచించాల్సిన విషయం, తగ్గడం అసలు మామూలు కాదు. వాంతులు, విరేచనాలు ఏమీ లేకుండా పది రోజుల్లో అరకిలో తగ్గినా దానికి అర్థం ఉంది. గత టీకా సమయంలో కార్డు మీద రాసిన బరువు తీసి చూడండి. రోజూ చూసే కళ్లకి పిల్ల చిక్కిపోవడం తెలియదు. నెల కిందటి ఫోటో పక్కన పెడితే తెలుస్తుంది, నిక్కరు నడుము మీద నిలవక జారిపోతుంటే తెలుస్తుంది. షుగర్ వస్తే ఆకలి పెరుగుతుందని చాలామంది విని ఉంటారు. పెద్ద పిల్లల్లో అలా ఉండొచ్చు. చిన్నవాళ్లలో మాత్రం తిండి తగ్గిపోవడం కూడా తరచుగా చూస్తాం, కీటోన్లు (ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగేకొద్దీ వికారం వస్తుంది. కాబట్టి 'బాగా తినడం లేదు, అందుకే తగ్గింది' అని సర్దిచెప్పుకోకూడదు.

నీరసం పట్టుకోవడం అన్నిటికంటే కష్టం. ఎప్పుడూ పరిగెత్తే పిల్ల ఎత్తుకోమని అడుగుతుంది. మానేసిన మధ్యాహ్నం నిద్ర మళ్లీ మొదలవుతుంది. ఊరికే చిరాకు, ఏడుపు. విడిగా చూస్తే వీటిలో ఏదీ షుగర్ అని చెప్పదు. దాహం, మూత్రాలతో కలిసి ఉంటేనే వీటికి ప్రాముఖ్యం.

ఏడాదిలోపు పిల్లల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే డైపర్ ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పాలు ఎప్పుడూ తాగుతూనే ఉంటారు. డైపర్ గంటగంటకీ బరువెక్కి కారిపోతుండడం, పాలు పట్టిన కాసేపటికే మళ్లీ ఏడ్వడం, అంత తాగుతున్నా బరువు పెరగకపోవడం, మూత్రం జిగటగా ఉండడం, పారేసిన డైపర్‌కి చీమలు పట్టడం గమనించండి. చీమలు పట్టలేదు కాబట్టి షుగర్ లేదనుకోవద్దు. అది కనిపిస్తే పట్టించుకోవాల్సిన సూచన మాత్రమే. ఇంకొకటి, మామూలు క్రీములకి తగ్గని డైపర్ పుండు. తొడల మడతల్లో ఎర్రగా, అంచుల్లో చిన్న చిన్న పొక్కులతో ఉంటే అది ఫంగస్. చక్కెర కలిసిన తడిలో ఫంగస్ బాగా పెరుగుతుంది. డైపర్ దశ దాటిన ఆడపిల్లల్లో మూత్రం పోసేచోట దురద, ఎరుపు, తెల్లటి పూత అదేపనిగా తిరిగి వస్తున్నా షుగర్ చూడాలి. ఆరు నెలలలోపు బిడ్డలో షుగర్ తేలితే అది చాలావరకు టైప్ 1 కాదు, ఒక జన్యువులో మార్పు వల్ల వచ్చేది. అలాంటి బిడ్డకి జన్యుపరీక్ష తప్పకుండా అడగండి. కొన్ని రకాల జన్యుమార్పుల్లో ఇన్సులిన్ బదులు మాత్రలతోనే నడుస్తుంది.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో చెప్తాను, ఎందుకంటే ఆలస్యం చాలావరకు అక్కడే. మాటిమాటికీ మూత్రం అంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇస్తారు. మూత్రం పరీక్షకి ముంచే రంగు పట్టీ మీదే గ్లూకోజ్ గడి కూడా ఉంటుంది, దాన్ని చూశారా అని అడగండి. వాంతులంటే కడుపులో ఇన్‌ఫెక్షన్ అంటారు. కడుపునొప్పి గట్టిగా ఉంటే అపెండిక్స్ అనుకుంటారు. వేగంగా ఊపిరి తీస్తుంటే న్యుమోనియా లేదా ఆస్తమా అని నెబ్యులైజర్ పెడతారు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, ఆస్తమాకి వాడే స్టెరాయిడ్ మందు షుగర్‌ని ఇంకా పెంచుతుంది.

వీటన్నిటి మధ్యా ఒక్క గుర్తు పెట్టుకోండి. వాంతులతో ఒళ్లు ఎండిపోయిన పిల్లకి మూత్రం తగ్గిపోవాలి, ముదురు రంగులో కొంచెమే రావాలి. నోరు పిడచకట్టుకుపోయి, కళ్లు లోపలికి పోయి కూడా డైపర్ నిండుగా తడుస్తోందంటే లెక్క ఎక్కడో తప్పింది. 'వాంతులవుతున్నాయి, అయినా మూత్రం మాత్రం బాగా వస్తోంది' అన్న మాట విన్న డాక్టర్ వెంటనే షుగర్ చూస్తారు. మూత్రం బాగా వస్తోంది కదా, ఫరవాలేదులే అని ఇంట్లో ధైర్యం తెచ్చుకోవడం మాత్రం సరిగ్గా తలకిందుల లెక్క.

వాంతులదాకా వచ్చిందంటే కీటోన్ల దశ మొదలై ఉండొచ్చు. ఇన్సులిన్ లేక గ్లూకోజ్ కణాల్లోకి పోలేనప్పుడు ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు పుట్టే కీటోన్లు రక్తాన్ని ఆమ్లంగా మారుస్తాయి. దీన్నే డయాబెటిక్ కీటోఅసిడోసిస్, డీకేఏ అంటారు. వాంతులు, కడుపునొప్పి, బాగా పండిన పండు వాసనలాగో నెయిల్ పాలిష్ తీసే మందు వాసనలాగో ఊపిరి, లోతుగా ఎగపోసుకుంటూ తీసే శ్వాస, మగత. ఈ వాసన అందరి ముక్కుకీ అందదు, కాబట్టి వాసన లేదని నిశ్చింత పడొద్దు. శ్వాసని పూర్తి ఒక నిమిషం, పాప ఏడవకుండా ఉన్నప్పుడు లేదా నిద్రలో ఉన్నప్పుడు లెక్కపెట్టండి. ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నిమిషానికి నలభై, అంతకుమించి ఉంటే అది వేగం. రెండు నెలల నుంచి ఏడాదిలోపు అయితే యాభై. న్యుమోనియాలో దగ్గు, జ్వరం, పైపైన ఊపిరి ఉంటాయి. డీకేఏలో తరచుగా దగ్గు ఉండదు, ఛాతీలో శబ్దం ఉండదు, ఊపిరి మాత్రం లోతుగా, ఆగకుండా పరిగెత్తి వచ్చిన మనిషిలా ఉంటుంది. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, లేదా పిల్లల అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి, అది అర్ధరాత్రైనా సరే.

ఇప్పుడు పరీక్ష. ఇంట్లో పెద్దవాళ్ల గ్లూకోమీటర్ ఉంటే వాడొచ్చు. ముందు స్ట్రిప్ డబ్బా మీద గడువు తేదీ చూడండి. మూత తీసి వదిలేసిన డబ్బాలో స్ట్రిప్‌లు తేమకి పాడైపోయి తప్పుడు అంకెలిస్తాయి. పాప చెయ్యి సబ్బుతో కడిగి పూర్తిగా తుడవండి. పండు పట్టుకున్న వేలితో పరీక్ష చేస్తే లేని షుగర్ కనిపిస్తుంది, ఒట్టి స్పిరిట్ దూదితో తుడిస్తే చక్కెర పూర్తిగా పోదు. వేలి కొస మధ్యలో గుచ్చితే నొప్పి ఎక్కువ, పక్కన గుచ్చండి. ఇంకా నడక రాని పసిబిడ్డకి మడమ పక్కన గుచ్చుతారు గానీ అది ఆసుపత్రిలో చేయించుకోవడం మేలు. సూది ప్రతిసారీ కొత్తదే, ఇంట్లో ఇంకొకరు వాడినది పనికిరాదు. వేలిని గట్టిగా పిండితే రక్తంలో కణజాలపు నీరు కలిసి అంకె మారుతుంది. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీసి, అరచేతి వైపు నుంచి మెల్లగా నిమిరితే చుక్క దానంతటదే వస్తుంది.

అంకె ఎలా చదవాలంటే, లక్షణాలున్న పిల్లలో ఏ సమయంలోనైనా 200 మిల్లీగ్రాములు, అంతకుమించి ఉంటే అది షుగర్ కిందే తీసుకుని అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని మీటర్లు మిల్లీమోల్స్‌లో చూపిస్తాయి, అందులో 200 అంటే 11.1. తెర మీద అంకె బదులు 'హై' అని వస్తే మీటర్ పాడైందనుకోకండి. మీటర్ కొలవగలిగిన దానికంటే ఎక్కువుందని అర్థం, చాలా మీటర్లలో అది 600 పైన. 140 లోపు ఉంటే మంచిదే. 140కీ 200కీ మధ్య వస్తే అదే రోజు డాక్టర్‌కి చూపించి ల్యాబ్‌లో రక్తం ఇవ్వాలి. తీవ్రమైన జ్వరం, ఫిట్స్, స్టెరాయిడ్ వాడకం ఇవన్నీ షుగర్‌ని తాత్కాలికంగా పెంచగలవు, కానీ ఆ తేడా తేల్చేది డాక్టరే. మీటర్ అంకెతో రోగ నిర్ధారణ పూర్తవదు. ల్యాబ్‌లో సిరనుంచి తీసిన రక్తంతో సరిచూస్తారు.

రెండు మాటలు ఎదురుకావచ్చు. ఒకటి, 'రేపు పరగడుపున రండి' అనడం. పరగడుపున 126 దాటితే షుగర్ అన్న కొలమానం ఉన్నమాట నిజమే, కానీ అది లక్షణాలు లేనివాళ్లని తేల్చడానికి పనికొచ్చేది. లక్షణాలున్న పిల్లకి రాత్రంతా ఆగడం అక్కర్లేదు, గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చేసే పరీక్ష కూడా అక్కర్లేదు. రెండోది హెచ్‌బీఏ1సీ. అది గడిచిన రెండు మూడు నెలల సగటు. చిన్నపిల్లల్లో షుగర్ కొన్ని వారాల్లోనే పైకి లేవవచ్చు కాబట్టి ఆ సగటు ఇంకా 6.5 శాతం దాటి ఉండకపోవచ్చు. రక్తహీనత ఉన్నా, తలసీమియా లాంటి రక్తపు జబ్బులు ఉన్నా అది తప్పుదారి పట్టిస్తుంది. అది మామూలుగా ఉందని చూసి షుగర్ లేదని తేల్చకూడదు. క్లోమం మీద దాడిచేసే యాంటీబాడీల పరీక్షలు, ఒళ్లు సొంతంగా ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో చూపే సీ-పెప్టైడ్ పరీక్ష ఏ రకం షుగరో చెప్పడానికి ఉపయోగపడతాయి. ఫలితాలకి రోజులు పడుతుంది, ఇన్సులిన్ మాత్రం వాటికోసం ఆగదు.

మీటర్ అందుబాటులో లేకపోతే మందుల షాపులో గ్లూకోజ్, కీటోన్లు రెండూ చూపే మూత్రం పట్టీలు అడగండి. శుభ్రమైన గిన్నెలో అప్పటికప్పుడు పోసిన మూత్రం కావాలి. డైపర్ వేసుకునే పిల్లకి లోపల శుభ్రమైన దూది పెట్టి, తడిశాక పిండి పట్టీ మీద వేయొచ్చు. డైపర్‌లోని జెల్ నుంచి తీయాలని చూస్తే రాదు. పట్టీని ముంచి, డబ్బా మీద రాసిన సెకన్లకే రంగు చూడాలి, ఆలస్యంగా చూస్తే రంగు మారిపోతుంది. విటమిన్ సి సిరప్ ఎక్కువగా వాడుతుంటే ఉన్న గ్లూకోజ్‌ని పట్టీ చూపించకపోవచ్చు. గ్లూకోజ్, కీటోన్లు రెండూ కనిపిస్తే ఇంక ఆలోచన అక్కర్లేదు, అత్యవసరమే. కీటోన్లు మాత్రమే ఉండి గ్లూకోజ్ లేకపోతే, తిండి లేక వాంతులతో ఉన్న ఏ పిల్లకైనా అలా రావొచ్చు. గ్లూకోజ్ మాత్రమే ఉండి రక్తంలో షుగర్ మామూలుగా ఉంటే అది మూత్రపిండం తీరు కావచ్చు, డాక్టర్‌కి చెప్పండి.

చేయకూడనివి కొన్ని గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఎవరికో రాసిన ఇన్సులిన్‌గానీ, షుగర్ మాత్రగానీ పాపకి ఇవ్వొద్దు. పిల్లల మోతాదు బరువును బట్టి, ఒక్కోసారి అర యూనిట్ చొప్పున లెక్కిస్తారు. పెద్దవాళ్ల మోతాదులో చిన్న భాగం కూడా షుగర్‌ని ప్రాణం మీదికొచ్చేంతగా పడేయగలదు. తీపి మానిపించి రెండు రోజులు చూద్దామనుకోవద్దు, అన్నం మానిపించొద్దు. ఇన్సులిన్ లేని ఒంటికి ఉపవాసం కూడా కీటోన్లనే పెంచుతుంది. ఆకులూ కషాయాలూ ఆపాల్సిన సమయం కూడా ఇదే. చచ్చిపోయిన కణాల పని చేసేది ఇన్సులిన్ ఒక్కటే.

'మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు' అని అనుమానాన్ని పక్కకి పెట్టకండి. టైప్ 1 వచ్చిన పిల్లల్లో పదింట ఎనిమిది తొమ్మిది మందికి తల్లిదండ్రుల్లోగానీ తోబుట్టువుల్లోగానీ ఆ జబ్బు ఉండదు. చాక్లెట్లు ఎక్కువ పెట్టడం వల్ల రాదు. మీరు పెట్టిందాని వల్లా రాలేదు, పెట్టకపోయిందాని వల్లా రాలేదు.

ఆసుపత్రిలో మొదటి నిమిషంలోనే ఈ మాట చెప్పండి: 'పది రోజులుగా దాహం, ఎక్కువ మూత్రం, మళ్లీ పక్క తడపడం, బరువు తగ్గింది. టైప్ 1 షుగరేమోనని భయం, ఇప్పుడే వేలి నుంచి రక్తం తీసి చూడండి.' జ్వరమనో నీరసమనో మొదలుపెడితే మాట వేరే దారి పడుతుంది. అడిగినా చూడకపోతే మర్యాదగానే ఇంకోసారి అడగండి, అప్పటికీ కాకపోతే ఇంకో చోటికి వెళ్లండి. లక్షణాలు మొదలైన రోజు, పాత బరువు, రాత్రి ఎన్నిసార్లు లేస్తోంది, వాడుతున్న మందులు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

షుగర్ మామూలుగా వస్తే అక్కడితో వదిలేయకండి. దాహం, మూత్రం అలాగే ఉంటే డయాబెటిస్ ఇన్సిపిడస్ (మూత్రపిండాలు ఒంట్లో నీటిని నిలపలేని జబ్బు) లాంటి వేరే కారణాలుంటాయి, దానికి పేరులో పోలికే తప్ప చక్కెరతో సంబంధం లేదు. మూత్రపిండాల పరీక్షలు, మూత్రం చిక్కదనం చూస్తారు. లక్షణాలు పెరుగుతుంటే షుగర్ కూడా మళ్లీ చూడాలి, వారం కిందటి అంకె ఇవాళ్టికి చెల్లదు.

ఈ రాత్రి బయల్దేరేటప్పుడు నీళ్ల సీసా చేతిలో పెట్టుకోండి. పాప మెలకువగా ఉండి అడిగినంతసేపూ మామూలు నీళ్లు తాగనివ్వండి, వాంతులవుతుంటే గుక్కెడు గుక్కెడుగా. జ్యూస్, గ్లూకోజ్ పొడి, కూల్‌డ్రింక్ ఇవ్వొద్దు. పిలిస్తే పలకనంత మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి తీసుకెళ్లండి.